బంగారం తీసేసిన టోపీ

ఆ ఇంట్లో అన్నం తినే గదిలో గోడకు రెండు పటాలు ఉండేవి. ఇప్పుడు తలుచుకున్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది. రోజూ మెత్తటి గుడ్డతో వాటిని తుడిచిన చేతులు ఇవే. మొదట్లో వాటి మీద కోపం లేకపోగా శానా ముచ్చట కూడా పడినా. ఆ ముచ్చట గుర్తొస్తే ఇంకా మండుతాది.

దోహాలో ముఐథర్ పక్క ఒక విల్లా అది. మేడం హాలండ్ ఆవిడ. సార్‌కు గ్యాస్ కంపెనీలో డ్యూటీ, సముద్రం మీదికి పోయినాడంటే వారాల తరబడి ఇంటికి రాడు. పిల్లలు వాళ్ల దేశంలో చదువుకుంటాండారు. నేను రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి ఆ ఇంట్లో కసువు ఊడ్చేది, బోకులు తోమేది, బట్టలు ఇస్త్రీ చేసేది. మేడంకు ఒకటే పని, బొమ్మలు వేసుకునేది. మేడ మీద గది గదంతా రంగులు, గుడ్డలు, ముక్కు పగిలిపోయే కిరసనాయిలు మాదిరి వాసన. చెట్టు వెయ్యదు, పుట్ట వెయ్యదు, మనుషుల మొహాలు తప్ప ఇంకేమీ వెయ్యదు.

గోడ మీది పటాలు మాత్రం ఆయమ్మ వేసినవి కాదు. వాళ్ల ఊర్లో ఎవరో పాతకాలం ఆయన వేసినవంట. మొదటి పటంలో ఒక పడుచామె. తల మీద తెల్లటి లేసు టోపీ, గంజి పెట్టి బిర్రుగా ఇస్త్రీ చేసినట్టు, రెండు పక్కలా విచ్చుకొని ఉంటాది. కణతల దగ్గర టోపీ కింద నుంచి రెండు బంగారు చుట్టలు ముందుకు పొడుచుకొని వచ్చింటాయి. మా పక్క ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడుగుతారు చూడండి, అచ్చం అట్లనే. మెడలో ఎర్ర పగడాలు. బుగ్గలు కూడా పగడాలే. నేను ఆయమ్మకు కొమ్ములామె అని పేరు పెట్టుకొని, తుడిచేటప్పుడు "ఏమమ్మా కొమ్ములామా, బాగుండావా" అని పలకరించేదాన్ని.

రెండో పటంలో ముసలామె. ఆమెకూ టోపీ ఉండాది గానీ లేసు లేదు, ఉట్టి గుడ్డ. కొమ్ములు లేవు. మెడ బోడి. మొహం బూడిద పూసినట్టు ఉంటాది, కళ్లు కిందికి. నేనేమనుకున్నా అంటే, మొదటామె ఇంటి యజమానురాలు, రెండో ఆమె ఆ ఇంట్లో పనిమనిషి. నిజ్జంగా అట్లనే అనుకున్నా! బంగారం ఉండేది యజమానురాలికి, లేనిది పనిమనిషికి, అంతే కదా లోకం. ఎంత మంచోళ్లబ్బా వీళ్లు, పనిచేసిన ముసలామెకు కూడా పటం కట్టించి తమ అవ్వ పక్కనే తగిలించుకున్యారు అని వాళ్ల మీద గౌరవం పెరిగింది. మా పల్లెలో ఎవరన్నా చేస్తారా ఆ పని? చచ్చినా చెయ్యరు. అందుకని ముసలామె పటాన్ని రోంత ఎక్కువ శ్రద్ధగా తుడిచేదాన్ని.

ఇంగ నా బొట్టు సంగతి చెప్పాల. అది చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

మా ఆయన పోయినాక, దినాల నాడు, నలుగురు ముసలోళ్లు చుట్టూ చేరి నన్ను కూర్చోబెట్టినారు. గాజులు పగలగొట్టినారు. నుదుటి మీద స్టిక్కర్ బొట్టు ఉండె. అది అంత సులభంగా రాలా, ఏడ్చి ఏడ్చి చెమటకు అంటుకపోయింది. మా పెద్దత్త గోరుతో గీకింది. ఒకసారి కాదు, గీకి గీకి తీసింది. నాకు మొగుడు పోయిన దుఃఖం ఒక పక్క, ఆ గోరు గీకుడు ఒక పక్క. నన్నడిగితే ఆ గోరే ఎక్కువ గుర్తుండాది. ఏం, నాకు బొట్టు పెట్టింది నా మొగుడా? ఉయ్యాల్లో ఉన్నప్పుడు మా యమ్మ పెట్టింది. ఆయన పెట్టింది కాదు, ఆయనతో పాటు పోవడానికి! ఇది ఆ రోజే అడగాలనుకున్నా.

ఖతర్‌కు వచ్చేటప్పుడు చెన్నై ఏర్‌పోర్టు బాత్రూంలో మొహం కడుక్కొని అద్దంలో చూసుకుంటాండా. పక్కన చేతులు కడుక్కుంటాండే ఒకామె, ఎవరో ఏమో, నా దిక్కు చూసి, "బొట్టు పడిపోయినట్టుందమ్మా" అని తన సంచిలో నుంచి ప్యాకెట్టు తీసి ఒకటి ఇచ్చింది. పడిపోలా, తీసేసినారు అని నేను చెప్పలా. తీసుకొని పెట్టుకున్నా. అద్దంలో నా మొహం మళ్లా నాకు కనబడింది. ఆ పొద్దు నుంచి తియ్యలా. దోహాలో నన్ను చూసినోళ్లంతా మొగుడు ఊర్లో ఉండాడనే అనుకుంటారు, అనుకోనీ. ఎవరికి ఏం నష్టం? ఆ ఇంటి డ్రైవరన్న ఒక్కడికే నిజం తెలుసు. వచ్చిన కొత్తలో కారులో ఏడుపు ఆగక చెప్పుకున్నా. కోనసీమ మనిషి, మెత్తనోడు, చెల్లెమ్మా అని పిలిచేవాడు.

బొట్టు బిళ్లలను అద్దానికి అంటించే అలవాటు మన ఆడోళ్లకు ఎట్లా ఉంటాదో నాకూ అట్లనే. స్నానానికి పోయేటప్పుడు తీసి అద్దానికి పెడతాం, వచ్చి మళ్లా నుదుటికి పెడతాం, బంక పోతే ఆడనే వదిలేస్తాం. కింద బాత్రూంలో అద్దమంతా ఎర్రచుక్కలు. ఒకరోజు మేడం చూసి గట్టిగా అరిచింది. ఏందో పురుగులు గుడ్లు పెట్టినాయనుకుందంట! నేను నుదురు చూపించి అవి ఇవే అని చెప్తే పకపకా నవ్వింది. నవ్వి, ఒక్కొక్కటీ గోరుతో గీకి తీసింది. అద్దానికి వద్దు, ప్లీజ్, అనింది. నేనూ నవ్వినా గానీ ఆ గోరు చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి.

ఒకరోజు ఇస్త్రీ చేస్తాంటే మేడం తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తాంది. నీ బొమ్మ వేస్తాను కూర్చుంటావా అని అడిగింది. నా మొహం ఎముకలు శానా బాగుండాయంట. మెచ్చుకోలు కూడా అట్లనే ఉంటాది వాళ్లది. మా అవ్వ టోపీ పెట్టి వేస్తాను, పటంలో ఉండాదే, ఆ టోపీ అసలుది నా దగ్గర ఉండాది, అనింది. వాళ్లది జీలాండ్ అనే జిల్లా అంట. నేను న్యూజీలాండా అని అడిగితే, కాదు, ఇది పాతది అని నవ్వింది. ఆడ ఊరికొక టోపీ అంట. టోపీని బట్టి ఏ ఊరామెనో, ఏ చర్చికి పోతాదో, అన్నీ చెప్పేయొచ్చంట. ఇప్పుడు ఎవరూ పెట్టుకోరంట, అప్పుడప్పుడు పండగకో, వచ్చినోళ్లు ఫోటోలు తీసుకోవడానికో తప్ప.

కొమ్ములామె టోపీ నా తల మీదనా! నేను గంతేసినంత పని చేసినా.

మేడ మీదికి పోయినాక చెక్కపెట్టె తెరిచింది. లోపల రెండు టోపీలు. ఒకటి లేసుది, దాని పక్కన ఎర్ర మఖమల్ గుడ్డలో బంగారు చుట్టలు, సూదులు, పగడాల దండ తళతళా మెరుస్తాండాయి. ఇంకొకటి ఉట్టి గుడ్డది. ఆయమ్మ చెయ్యి గుడ్డదాని మీదికి పోయింది. దాన్ని తీసి, పెట్టె మూసి, తాళం వేసి, తాళంచెవి గౌను జేబులో వేసుకొనింది. సరేలే, పనిమనిషిని పనిమనిషి మాదిరే వేస్తాది, ఇందులో ఏముండాది అనుకున్నా. అనుకున్నా గానీ ఆ తాళం చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది.

టోపీ కట్టినాక నా నుదుటి దిక్కు వేలు చూపించి, ఇది తియ్యి, ప్లీజ్, అనింది. తీసినా. వేషం కట్టినాక వేషం మాదిరే ఉండాల కదా, హాలండోళ్లకు బొట్టు యాడ ఉంటాది? తీసి కుర్చీ చేతికి అంటించినా, లేచేటప్పుడు మళ్లా నుదుటికి పెట్టుకున్నా. అప్పుడు అది నాకు తప్పుగా తోచలా.

ఇంటి పని అయినాక రోజూ రోంతసేపు కూర్చోబెట్టేది. కదలగూడదు. మెడ పట్టేస్తాది, ముక్కు దురద పెడతాది, గోక్కోగూడదు. అయినా నాకు ఇష్టంగానే ఉన్నింది. నా ఫోటోలు లోకంలో ఎన్ని ఉండాయి? పాస్‌పోర్టుది, ఆధార్‌ది, ఖతర్ వాళ్లిచ్చే బతాకా కార్డుది. మూడిట్లోనూ దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టే ఉంటా. ఈయమ్మ వేస్తాండే మొహం మాత్రం నాదే. మా యమ్మ దవడ, మా నాయన కనుబొమ్మలు, చిన్నప్పుడు పడి తగిలించుకున్న గడ్డం మీది మచ్చ, అన్నీ వచ్చినాయి. చెయ్యి ఉండాది ఆయమ్మకు, కాదనను. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నన్ను అంత నిదానంగా చూసినోళ్లు ఎవరుండారు?

శుక్రవారం సెలవుకు ఊర్లోనే నజ్మా బజారు దిక్కు పోయినప్పుడు మా అక్కకు చెప్పినా. సొంత అక్క కాదు, మా జిల్లాదే, ఈడికొచ్చినాకే పరిచయం, ఇంకో ఇంట్లో వంటపని. ప్రతి శుక్రవారం ఒక మెస్సులో కలుసుకొని దోసెలు తిని, కరక్ చాయ్ తాగి, వారం రోజుల కోపాలు కక్కుకుంటాం. ఫోన్లో బొమ్మ చూపిస్తే కళ్లు పెద్దవి చేసింది.

"మేయ్, మొహం నీదే గదే! మరి బంగారం యాడ? కొమ్ములుంటాయి అని చెప్తివే పోయిన వారం."

"పెట్టెలో ఉండాయి. నాకు పెట్టలా."

"పెట్టదే! ఫులూస్ మాఫీ, బంగారం మాఫీ, దుడ్లూ లేవు, బంగారమూ లేదు, ఊరికే కూర్చోబెట్టిందా నిన్ను? తీసుకొని ఎత్తుకపోతావని భయం. దొంగలని కదా మనమంటే. తాళం కూడా వేసిందా? అదీ సంగతి."

అక్క ఎగతాళికే అనింది. నాకు మాత్రం ముల్లు మాదిరి గుచ్చుకొనింది. నిజమే కదా! ఈ ఇంట్లో వచ్చినప్పటి నుంచి ఒక చెంచా పోలా. ఆయమ్మ ఉంగరం సింకు దగ్గర మర్చిపోతే నేనే తెచ్చి చేతిలో పెట్టినా. ఇంటి తాళాలు నా చేతిలో, రెండు చుట్టల బంగారానికి మాత్రం నేను దొంగనా? ఆ మాట తలలో తిరిగి తిరిగి, మళ్లా కూర్చోబెట్టే రోజుకు నా లోపల కుండ కుతకుతా ఉడుకుతాంది.

టోపీ కట్టబోతాంటే చెయ్యి అడ్డం పెట్టి అడిగేసినా. నాకొచ్చిన ఇంగ్లీషులోనే. "మేడం, వై నో గోల్డ్? నేను దొంగనా? మీ బంగారం మింగేస్తానా?"

ఆయమ్మ మొహం తెల్లబోయింది. తెల్లటి మనిషి ఇంకా తెల్లబోతే ఎట్లుంటాదో ఆ పొద్దు చూసినా. నో నో నో అని నా చేతులు పట్టుకొనింది. కళ్లల్లో నీళ్లు. అట్లా అనుకున్నావా, అయ్యో, రా నాతో, అని కిందికి తీసకపోయి ఆ రెండు పటాల ముందర నిలబెట్టింది. నిదానంగా, నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది.

రెండు పటాల్లో ఉండేది ఇద్దరు కాదు. ఒకే మనిషి.

ఆయమ్మ ముత్తవ్వ. మొదటి పటం పెళ్లయిన కొత్తలోది. తర్వాత మొగుడు చేపలకు పోయి సముద్రంలో పోయినాడంట. వాళ్ల జిల్లాలో మొగుడు పోతే ఆడమనిషి టోపీకి బంగారం తీసెయ్యాల, లేసు తీసెయ్యాల, పగడాలు తీసెయ్యాల. కొందరు కొన్నేండ్లకు మళ్లా పెట్టుకుంటారంట. ఈమె పెట్టుకోలా. చచ్చేదాకా గుడ్డ టోపీలోనే ఉండిపోయింది. అదంతా చెప్తాంటే మేడం గొంతులో ఎంత గర్వమో! ఎంత హుందాతనం, ఎంత ప్రేమ, అని.

నేను కొమ్ములామెను చూసినా. ముసలామెను చూసినా. అదే దవడ. అదే ముక్కు. రోజూ తుడిచినా నాకు తెలియలా. బంగారం తీసేస్తే అంత మారిపోయింది మనిషి. పనిమనిషి అనుకున్నా. నా చెయ్యి నాకు తెలియకుండానే నుదుటికి పోయింది.

అప్పుడు ఆయమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఇంకా మెత్తగా చెప్పింది. డ్రైవర్ అంతా చెప్పినాడు నాకు. అందుకే నీకు బంగారం పెట్టలా. దొంగతనం అని కాదు, అది నీ మీద గౌరవం. బికాజ్ యూ ఆర్ ఎ విడో.

విడో! నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ ఆ మాట మా పల్లెలో పసిపిల్లోనికి కూడా వచ్చు. పింఛను ఇచ్చేటప్పుడు అంటారు కదా, ముసలోళ్లు ఈ పక్క, విడోలు ఆ పక్క నిలబడండమ్మా అని. ఆ మాట వినకుండా ఉండాలనే కదా నేను సముద్రం దాటి ఇంత దూరం వచ్చింది! ఆ మాట నాకంటే ముందే వచ్చి ఈ ఇంట్లో కూర్చొని ఉండాది. నేను రోజూ తుడుస్తాండేది దాన్నే.

దొంగ అని అనుకొని ఉంటే బాగుండు అనిపించింది. దేవుని సాక్షిగా చెప్తాండా, అదే బాగుండు. దొంగ అంటే కాదని చెప్పొచ్చు, సంచి దులిపి చూపించొచ్చు. దీనికేం చూపించాల?

"నాకొద్దు ఈ టోపీ," అన్నా. "కొమ్ములది పెట్టండి, లేకుంటే ఏదీ వద్దు."

ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. అది పెళ్లయి మొగుడుండే వాళ్లది, నీకు పెడితే అబద్ధం అవుతాది, మా అవ్వకు మర్యాద కాదు, అనింది. బొమ్మలో నిజం ఉండాలంట. నీ మొహంలో ఆ దుఃఖం ఉండాది, అదే నాకు కావాల, అనింది.

నాకు ఒళ్లు తెలియలా. "మీరు పెట్టుకుంటారా ఈ టోపీ? మీ కూతురు పెట్టుకుంటాదా? మీ సార్ లేకపోతే రేపు మీరు పెట్టుకుంటారా? మీరంతా తీసి పెట్టెలో పడేసినారు కదా! మీరు వదిలేసుకున్న దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టేదేంది? అది నిజమైతే మీరే పెట్టుకోండి!" సగం ఇంగ్లీషు, సగం హిందీ, మిగతాది తెలుగు. ఎంత అర్థమైందో తెలియదు. కోపం మాత్రం అర్థమై ఉంటాది. ఆయమ్మ రెండు చేతులూ గుండె మీద పెట్టుకొని, నేను మంచి మనసుతోనే చేసినా, అని మాత్రం అనింది. వీళ్ల మంచి మనసు పాడుగాను!

మా పెద్దత్త కూడా మంచి మనసుతోనే గీకింది మరి. నా మీద కోపంతో గీకలా.

తర్వాతి శుక్రవారం కారులో డ్రైవరన్నను పట్టుకున్నా. నజ్మా వచ్చేదాకా వదల్లా.

"ఎందుకు చెప్పినావన్నా? ఎవరడిగినారు నిన్ను?"

"అది కాదు చెల్లెమ్మా," అన్నాడు అద్దంలో నన్ను చూడకుండా. "ఒంటరి దానివి కదా, తెలిస్తే మేడం గారు కాస్త జాలిగా చూసుకుంటారని చెప్పానమ్మా. మంచికే కదా."

"నీకో దండం, నీ జాలికో దండం. అది నా నోటితో నేను చెప్పాల్సిన మాట. దాన్ని నీ నోట్లో వేసుకొని నమిలి ఊసినావు చూడు, అదీ నువ్వు చేసిన మంచి. కారు ఆపు, ఈడనే దిగి నడిచి పోతా."

"ఈ ఎండలో ఎక్కడికి నడుస్తావమ్మా?" అన్నాడు పాపం. నిజమే, బయట నిప్పులు కురుస్తాండాయి. దిగలా. అక్క దగ్గర ఏమీ చెప్పలా. చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాల, మొగుడు లేడు అని మొదలుపెట్టాల. దోసెను ముక్కలు ముక్కలుగా తుంచుతా కూర్చున్నా. అక్క, "ఏమే, బంగారం అడిగినావా?" అని నవ్వింది. అడిగినా, ఇవ్వదంట, అన్నా.

ఆ తర్వాత నేను కూర్చోలా. రమ్మనింది, రానన్నా. బలవంతం చెయ్యలా ఆయమ్మ. అట్లని బొమ్మ ఆపనూలా! ఫోన్లో తీసుకున్న ఫోటోలు చూసి వేసేస్తాంది. నేను కింద బోకులు తోముతాంటే పైన నా మొహం మీద కుంచె నడుస్తాంది. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి పోయి చూస్తే కళ్లు దించేసి ఉండాయి. నేను కూర్చున్నప్పుడు నేరుగా చూసినా. ఇప్పుడు ముసలామె మాదిరి కిందికి. చెంపల మీద అదే బూడిద రంగు. నుదురు బోడిగా, విశాలంగా, కడిగేసిన పలక మాదిరి.

"మేడం, అది నా మొహం," అన్నా.

"మొహం నీదే," అనింది ప్రేమగా. "బొమ్మ నాది."

పని మానేసి పోవచ్చు కదా అంటారు మీరు. పోతే మొహం ఆడనే ఉండిపోతాది కదా! దాన్ని యాడికి తీసకపోతా?

ఎగ్జిబిషన్ పెడతాండారని తర్వాత తెలిసింది. దోహాలో ఉండే వాళ్ల దేశం వాళ్లంతా వస్తారు, మనోళ్లు కూడా వస్తారు, ఫోన్లలో ఇన్‌స్టాలో పెడతారు. బొమ్మ కింద తగిలించేదానికి చిన్న అట్ట ముక్క అచ్చేయించి తెచ్చింది. బల్ల మీద ఉంటే తుడుస్తా చదివినా. కూడబలుక్కొని చదివినా గానీ మూడో అక్షరానికే తెలిసిపోయింది. విడో. కింద నా దేశం పేరు, పెద్ద అక్షరాల్లో.

అక్క చూస్తాది. మెస్సులో కూర్చొనే ఆడోళ్లంతా చూస్తారు. మా ఆడబిడ్డ ఫోన్లో చూడకుండా ఉండదు, దానికి అదే పని. "దుబాయ్ పోయి బొట్టు పెట్టుకొని తిరుగుతాందంట" అని ఇప్పటికే ఊర్లో ఊది పెట్టింది. ఖతర్ అన్నా దానికి దుబాయే. ఇప్పుడు పటం చూపించి, చూడండి, దుబాయోళ్లు కూడా దీనికి ముండమోపి వేషమే కట్టినారు అంటాది. ఆ చెన్నై బాత్రూంలో నాకు తిరిగొచ్చిన మొహం, ఎవరో తెలియని తల్లి ఇచ్చిన మొహం, ఈ అట్ట ముక్కతో పోతాది. నేను బతికుండంగానే నా దినాలు మళ్లా చేస్తారు, ఈసారి ఏసీ హాల్లో, జ్యూసులు తాగుతా.

అట్ట ముక్క చేత్తో పట్టుకొని మేడం దగ్గరికి పోయినా. "ఈ మాట తీసెయ్యండి. కాళ్లు పట్టుకుంటా," అన్నా. కోపంతో కాదు, నిజంగానే అడుక్కున్నా. ఆయమ్మ నన్ను కౌగిలించుకొనింది. సిగ్గుపడొద్దు, నువ్వు ధైర్యం గల మనిషివి, ప్రపంచం చూడాల, అనింది. నేను ఆ కౌగిలిలో కట్టెమాదిరి నిలబడినా. నేను అడిగింది ఏంది, ఈయమ్మ ఇచ్చేది ఏంది!

బొమ్మ తీసకపోయే రోజు వచ్చింది. మధ్యాహ్నం వ్యాను వస్తాదని చెప్పినారు. మేడం కింద ఫోన్లో మాట్లాడతాంది. నేను మేడ మీద గది ఊడ్చేదానికి పోయినా. బొమ్మ స్టాండు మీద ఉండాది. ముందు రోజు ఇంకోసారి నుదుటికి రంగు పూసినట్టుండాది, ఇంకా ఆరలా, వెలుతురుకు తడితడిగా మెరుస్తాంది. చీపురు గోడకు ఆనించి దాని ఎదురుగా నిలబడినా. అది కళ్లు ఎత్తదు. నన్ను చూడదు. నా మచ్చ, మా యమ్మ దవడ, ఆ గుడ్డ టోపీ, ఆ బోడి నుదురు. దాన్ని చూస్తాంటే దినాల నాడు మూల కూర్చోబెట్టిన నన్ను నేనే చూస్తాన్నట్టు ఉండాది. ఆ పొద్దు ఒక్కరన్నా వచ్చి నాకు మళ్లా బొట్టు పెట్టలేదే అనిపించింది.

నా నుదుటి మీది బొట్టు తీసినా. స్నానానికి పోయేటప్పుడు తీసినట్టే. అద్దానికి అంటించినట్టే దాని నుదుటికి అంటించినా. నడిమధ్యన పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమినా. తడి రంగులోకి కూరుకొని కూర్చుంది. ఎర్రది, గుండ్రంది. కళ్లు దించినా సరే, ఇప్పుడది ఎవరి మొహమో నాకు తెలుస్తాంది.

మేడం వెనకాల వచ్చి నిలబడిందని ఆ ఊపిరి చప్పుడుకు తెలిసింది. ఓ మై గాడ్ అని ఒక్క ఉదుటున వచ్చి బొమ్మ దగ్గర వంగింది. గోరు ఎత్తింది. అదే గోరు. బొట్టు అంచు కింద పెట్టి రోంత లేపింది. దాంతో పాటు రంగు లేచింది. నుదురు పొర మాదిరి సాగి, కింద గుడ్డ కనబడింది. ఆయమ్మ చెయ్యి ఆడనే ఆగిపోయింది.

"పీకండి మేడం," అన్నా. తెలుగులోనే అన్నా, అర్థమైతే అవనీ, కాకపోతే పోనీ. "పీకండి. నాకూ ఇట్లనే గోరుతో గీకినారు. నాది చర్మం కాబట్టి ఊడి రాలా. దీనికి వస్తాది. మొహం పోయినా ఫరవాలేదంటే పీకండి."

గోరు అట్లనే బొట్టు అంచు కింద ఉండాది. కింద వ్యాను హారన్ కొడతాంది. డ్రైవరన్న గేటు తీస్తాన్న చప్పుడు వినబడింది.

నేను చీపురు తీసుకొని కిందికి వచ్చినా. బాత్రూంలోకి పోయి ప్యాకెట్టులో నుంచి కొత్తది తీసి పెట్టుకున్నా. ఆ ప్యాకెట్టులో ఇంకా శానా ఉండాయి.